బీరులో మత్తు తగ్గాలంటే గింజలు తగ్గిస్తే చాలదు

ఎండాకాలం సాయంత్రం హనుమకొండలో ఏ వైన్స్ ముందు నిలబడినా వినిపించే మొదటి ప్రశ్న "స్ట్రాంగ్ ఉన్నదా?" అయిదు శాతం లోపు బీరును మనవాళ్లు లైట్ అంటారు. అందులో సగం ఆల్కహాలే ఉన్న బీరు గురించి చెబితే "గదేం బీరు, నీళ్లు కలిపిండ్రా?" అని నవ్వుతారు. ఆ నవ్వును కొట్టిపారేయలేం. సరిగ్గా చేయని తక్కువ ఆల్కహాల్ బీరు అచ్చం నీళ్లు కలిపిన బీరులాగే ఉంటుంది. మామూలు తయారీలో గింజలు సగం చేసి, నీళ్లు మాత్రం అంతే పోస్తే ఇంకేమవుతుంది?

మెల్‌బోర్న్‌లో ఉండే మా బామ్మర్ది ఇంట్లో బీరు కాస్తాడు. "రెండు తాగినా పొద్దున లేచి డ్యూటీకి పోయేటట్టు ఉండాలె బావా, కానీ తాగుతుంటే బీరు తాగినట్టే ఉండాలె" అన్నది అతని లెక్క. వినడానికి చిన్న కోరికే గానీ ఇందులో రసాయనం చాలా ఉంది. అతను వాడేది సంచి పద్ధతి, అంటే బ్రూ ఇన్ ఎ బ్యాగ్. దాని సంగతి చెప్పేముందు చట్టం సంగతి చెప్పాలి.

తెలంగాణలో ఇంట్లో బీరు కాయడం నేరం. ఉమ్మడి రాష్ట్రంలో 1968లో వచ్చిన ఎక్సైజ్ చట్టమే ఇప్పుడూ ఇక్కడ అమల్లో ఉంది. లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయకూడదని అది చెబుతుంది. మద్యం అంటే బీరు, కల్లు మొదలుకొని ఆల్కహాల్ ఉన్న ప్రతి ద్రవమూ. "అమ్మను, నా కోసమే" అన్నా, "రెండు శాతమే కదా" అన్నా ఆ నిర్వచనం నుంచి తప్పించుకోలేం. హైదరాబాద్‌లోని మైక్రోబ్రూవరీలు లైసెన్స్ తీసుకునే నడుస్తున్నాయి. బ్రిటన్ 1963లో ఇంటి బీరుకు లైసెన్స్ తీసేసింది, అమెరికా 1978లో చట్టం మార్చింది. ఆస్ట్రేలియాలో సొంతానికి బీరు కాసుకోవచ్చు, అమ్మకూడదు, బట్టీ పెట్టి సారా తీయకూడదు. కాబట్టి ఈ వ్యాసంలో ఈస్ట్ (చక్కెరను తిని ఆల్కహాల్ చేసే సూక్ష్మజీవి) వేశాక జరిగేదంతా మెల్‌బోర్న్‌లోది. ఈస్ట్ వేయకముందు వరకు గిన్నెలో ఉండేది హాప్స్ అనే తీగ పువ్వుల చేదు పట్టిన మాల్ట్ కషాయం, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ కషాయం మాత్రమే. దాన్ని హనుమకొండ వంటింట్లో కాచి చూడటానికి ఏ అడ్డూ లేదు, నేను చూసింది అదే.

ఇక సంచి. బీరు తయారీలో మొదటి పని మాల్ట్ గింజల్లోని పిండిని వేడినీళ్లలో చక్కెరగా మార్చడం. పాత పద్ధతిలో దీనికి మూడు పాత్రలు కావాలి. ఒకదాంట్లో వేడినీళ్లు సిద్ధంగా ఉంటాయి. ఇంకోదాంట్లో గింజలు నానుతాయి, దాని అడుగున జల్లెడ ఉంటుంది. మూడోదాంట్లో వడగట్టిన తీపి ద్రవం మరుగుతుంది, దాన్నే వర్ట్ అంటారు. గింజల్లో మిగిలిన చక్కెర కోసం పైనుంచి మళ్లీ వేడినీళ్లు పోసి కడగాలి. ఇంత సరంజామా ఎందుకనుకున్న ఆస్ట్రేలియా ఇంటి బ్రూవర్లు 2000 తర్వాతి సంవత్సరాల్లో ఒక సులువు దారిని ప్రచారంలోకి తెచ్చారు. ఒకే పెద్ద గిన్నె, అందులో మొత్తం నీళ్లు, లోపల సన్నని నైలాన్ జాలీ సంచి, సంచిలో గింజలు. గంట నానాక సంచిని పైకెత్తి, కారనిచ్చి, నీళ్లు పిండేసి పక్కన పెడతారు. అదే గిన్నె కింద మంట పెంచి మరిగిస్తారు.

తక్కువ ఆల్కహాల్ బీరుకు ఈ పద్ధతి బాగా కుదురుతుంది. ఇరవై లీటర్ల స్ట్రాంగ్ బీరుకు ఆరేడు కిలోల గింజలు కావాలి, అవి నానితే సంచి ఎత్తడానికి దూలానికి కప్పీ కట్టాల్సిందే. రెండున్నర శాతం లోపు ఉండే పది లీటర్ల బీరుకు కిలోంబావు మాల్ట్ చాలు. మరుగులో ఆవిరయ్యేది, గింజలు పీల్చేది, అడుగున మడ్డితో పోయేది కలుపుకొని పద్నాలుగు పద్నాలుగున్నర లీటర్ల నీళ్లతో మొదలుపెడతారు. సంచి ఒంటి చేత్తో లేస్తుంది. గింజలు తక్కువ, నీళ్లు ఎక్కువ కాబట్టి మాల్ట్ వేయగానే వేడి పెద్దగా దిగదు కూడా. మన గది వేడిలో ఉన్న గింజలైతే ఒకటిన్నర డిగ్రీ పడిపోతుంది, అంతే. డెబ్బైలో ఉంచాలంటే డెబ్బై ఒకటిన్నర దగ్గర గింజలు వేస్తే సరిపోతుంది.

ఆ డెబ్బై ఎందుకన్నదే ఈ మొత్తం కథకు కీలకం.

మన ఇళ్లలో మాల్ట్ కొత్తదేమీ కాదు. పసిపిల్లలకు రాగి మాల్ట్ చేయడానికి రాగులు నానబెట్టి, మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తారు. మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైములు తయారవుతాయి. చిక్కటి గంజిలో వేయించని మొలకల పిండి చెంచాడు కలిపి, గోరువెచ్చని దానికన్నా కాస్త ఎక్కువ వేడిలో ఉంచితే కొద్దిసేపట్లో పలచబడుతుంది. పిండిని ఆ ఎంజైములు ముక్కలు చేయడమే దానికి కారణం. బార్లీ మాల్ట్‌లో జరిగేదీ ఇదే. కిరాణా కొట్లో దొరికే తెల్లటి బార్లీ మాత్రం దీనికి పనికిరాదు. దాన్ని పాలిష్ పట్టి ఉంటారు కాబట్టి మొలకే రాదు.

బార్లీ మాల్ట్‌లో ముఖ్యంగా పనిచేసేవి రెండు. బీటా అమైలేజ్ పిండి గొలుసును ఒక కొసనుంచి రెండేసి గ్లూకోజ్ ముక్కల చొప్పున తెంపుతూ పోతుంది. అలా వచ్చేది మాల్టోజ్, ఈస్ట్‌కు ఇష్టమైన తిండి. ఇది అరవై నుంచి అరవై అయిదు డిగ్రీల మధ్య చురుగ్గా ఉంటుంది, డెబ్బై దాటితే త్వరగా చచ్చిపోతుంది. ఆల్ఫా అమైలేజ్ గొలుసును మధ్యలో ఎక్కడ పడితే అక్కడ నరుకుతుంది. డెబ్బై రెండు దాకా హుషారుగా ఉంటుంది. దానివల్ల చిన్న చక్కెరలు కొన్ని, డెక్స్‌ట్రిన్లనే పెద్ద ముక్కలు చాలా వస్తాయి. ఈ డెక్స్‌ట్రిన్లను ఈస్ట్ తినలేదు. అవి పెద్ద తీపి కూడా ఉండవు. బీరులో అలాగే మిగిలిపోయి, నోట్లో కాస్త నిండుగా, చిక్కగా అనిపించేలా చేస్తాయి. మనవాళ్లు నీళ్లలా ఉందనేది అవి లేని బీరునే.

కాబట్టి గింజలు తగ్గించడం సగం పనే. మిగిలిన గింజల్లోంచి ఈస్ట్ తినే చక్కెర తక్కువ, తినలేనిది ఎక్కువ వచ్చేలా వేడి పెంచాలి. అంకెల్లో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బ్రూవర్లు వర్ట్ సాంద్రతను హైడ్రోమీటర్‌తో కొలుస్తారు, నీళ్లు 1000 అనుకుంటే మన కిలోంబావు గింజల వర్ట్ సుమారు 1028 ఉంటుంది. పులిసిన తర్వాత మళ్లీ కొలిచి, తేడాను 0.131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. అరవై అయిదు డిగ్రీల్లో నానబెట్టిన వర్ట్‌ను మంచి ఆకలి ఉన్న ఈస్ట్ 1006 దాకా తినేస్తే 2.9 శాతం. డెబ్బై ఒకటిలో నానబెట్టి, ఆకలి తక్కువ ఈస్ట్ వేసి 1011 దగ్గర ఆగితే 2.2 శాతం. శాతంలో తేడా చిన్నదే, నోట్లో తేడా మాత్రం ఎవరైనా గుర్తుపడతారు. మొదటిది తేలిపోతుంది, రెండోది నిలబడుతుంది. పావు కిలో మాల్ట్ బదులు ఓట్స్, క్రిస్టల్ మాల్ట్ (లోపలి చక్కెర పాకమయ్యేలా వేయించిన మాల్ట్) కలిపితే ఇంకాస్త నిండుతనం వస్తుంది. నా మటుకు క్రిస్టల్ మాల్ట్ మోతాదు మించితే నచ్చదు, పాకం వాసన మిగతా అన్నింటినీ మింగేస్తుంది.

పిండి మారిందో లేదో చూడటానికి టించర్ అయోడిన్ చుక్క చాలు. తెల్ల సాసర్‌లో చెంచాడు ద్రవం చల్లార్చి, పక్కనుంచి అయోడిన్ జారవిడవాలి. నానడం మొదలైన పది నిమిషాలకు చూస్తే చుక్క తగిలిన చోట నల్లటి నీలం మరక పాకింది. గంట దగ్గరికొచ్చేసరికి అయోడిన్ తన ఎరుపు, పసుపు కలిసిన రంగులోనే ఉండిపోయింది. అంటే పిండి అయిపోయింది. అందులో ఎంత మాల్టోజ్, ఎంత డెక్స్‌ట్రిన్ అన్నది మాత్రం ఆ చుక్క చెప్పదు. దానికి థర్మామీటర్ మీదే నమ్మకం పెట్టుకోవాలి. కాబట్టి ఈ మొత్తం సామగ్రిలో డబ్బు పెట్టాల్సింది ఏదైనా ఉందంటే మంచి థర్మామీటరే. సంచిని పక్క వీధి టైలర్ కుట్టిస్తాడు.

సంచి పద్ధతి గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా వదిలేసే చిక్కు నీళ్లది. మన ప్రాంతంలో దీన్ని అసలు వదలకూడదు. గింజలు నానే నీటి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.2 నుంచి 5.6 మధ్య ఉంటే ఎంజైములు బాగా పనిచేస్తాయి. మాల్ట్‌కు తనంతట తాను పీహెచ్‌ను కిందికి లాగే గుణం ఉంది. గట్టి నీళ్లలో ఉండే బైకార్బనేట్లు పైకి లాగుతాయి. మామూలు బీరులో గింజలు ఎక్కువ కాబట్టి మాల్ట్‌దే పైచేయి. పద్నాలుగు లీటర్ల నీళ్లకు కిలోంబావు గింజలే వేస్తే నీళ్లదే పైచేయి. పీహెచ్ 5.8 దాటి, పైగా వేడి ఎక్కువగా ఉంటే గింజ పొట్టులోని టానిన్లు నీళ్లలోకి దిగుతాయి. అవి వగరు. వరంగల్ చుట్టుపక్కల బోరు నీళ్లు ఎంత గట్టివో వేరే చెప్పాలా? గీజర్లు, స్టీలు బిందెల లోపల పట్టే తెల్ల పొర చూస్తే తెలుస్తుంది.

దీన్ని చూద్దామని వేయించని బార్లీ మాల్ట్ ఆన్‌లైన్‌లో తెప్పించి, రెండు చిన్న గిన్నెల్లో పక్కపక్కనే పెట్టాను. ఒకదాంట్లో మా బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు. గింజలూ ఒకటే, వేడీ ఒకటే, గంటా ఒకటే. సంచులు ఎత్తినప్పుడు రెండింటి నుంచీ తేనె రంగు ధార కారింది, వంటిల్లంతా ఒకే తీపి వాసన. లిట్మస్ లాంటి పీహెచ్ కాగితం ముంచితే క్యాన్ నీళ్ల వర్ట్ అయిదున్నరకు కాస్త అటూఇటూగా రంగు చూపించింది, బోరు నీళ్లది ఆరు దాటింది. చల్లారాక రుచి చూస్తే తేడా కాగితం లేకుండానే తెలిసేలా ఉంది. క్యాన్ నీళ్లది తీయటి గింజ రుచి, పలచగా ఉన్నా శుభ్రంగా ఉంది. బోరు నీళ్లది మొదట తీయగా తగిలి, తర్వాత పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక పిడచ కట్టింది. మా ఆవిడ ఒక్క గుటక వేసి గ్లాసు పక్కన పెట్టేసింది, "ఇదేం కషాయం?" అని.

ఆర్‌వో నీళ్లు వాడితే ఈ బాధ చాలావరకు తీరుతుంది, లేదంటే లాక్టిక్ ఆసిడ్ కొన్ని చుక్కలు. మిషన్ భగీరథ నల్లా నీళ్లయితే బోరు నీళ్ల కన్నా నయమే గానీ వాటిలో క్లోరిన్ ఉంటుంది. అది మాల్ట్‌లోని ఫినాల్స్‌తో కలిస్తే ఆసుపత్రి వాసన వస్తుంది. రాత్రంతా మూత తీసి ఉంచినా, ముందుగా మరిగించినా క్లోరిన్ పోతుంది. సంచిని పిండితే టానిన్లు దిగుతాయని కొందరు భయపెడతారు. పీహెచ్ అదుపులో ఉంటే ఎంత పిండినా ఏమీ కాదు, లీటరు ద్రవం ఎందుకు వదులుకోవాలి? పిండగా మిగిలిన పిప్పి పక్కింటి బర్రెకు వేస్తే తొట్టి నాకేసింది.

మరుగుతున్నప్పుడు వేసే హాప్స్ గురించి ఒకటే మాట. మామూలు బీరు మోతాదులో వేస్తే ఈ పలచటి వర్ట్‌లో చేదు విషంలా కొడుతుంది. సగానికి దగ్గరగా తగ్గించి, సువాసన కోసం వేసేవాటిని మంట ఆపాక వేయడం మేలు.

ఇక్కడికి హనుమకొండ పని అయిపోయింది. ఆ తీపి ద్రవాన్ని చల్లార్చి అదే రోజు తాగేశాం, మిగిలింది పారబోశాం. వర్ట్‌లో బాక్టీరియాకు కావాల్సినవన్నీ ఉంటాయి, దాన్ని దాచిపెట్టకూడదు. పూర్తి తయారీలో అయితే ఇరవై డిగ్రీల దాకా త్వరగా చల్లార్చి ఈస్ట్ వేస్తారు. మామూలు బీరు ఈస్టులు పద్దెనిమిది నుంచి ఇరవై రెండు డిగ్రీల మధ్య బాగుంటాయి. మన మే నెల గది వేడిలో అయితే ఘాటైన ఆల్కహాళ్లు చేస్తాయి. నార్వే పల్లెల నుంచి వచ్చిన క్వైక్ అనే ఈస్ట్ రకాలు మాత్రం ముప్పై అయిదులోనూ బెదరవు. మెల్‌బోర్న్ చలికాలంలో మా బామ్మర్దిది తిరగబడిన సమస్య, డబ్బాకు దుప్పటి చుడతాడు.

ఈస్ట్ ఎంపిక రెండో తాళంచెవి. వర్ట్‌లోని చక్కెరల్లో సగం దాకా మాల్టోజ్, ఇంకో పదో పదిహేనో శాతం మూడు గ్లూకోజ్ ముక్కల మాల్టోట్రయోజ్. విండ్సర్, లండన్ అనే పేర్లతో అమ్మే ఇంగ్లిష్ ఈస్టులు మాల్టోట్రయోజ్‌ను ముట్టవు, అందుకే పైన చెప్పిన 1011 దగ్గర ఆగడం సాధ్యమవుతుంది. ఇంకో అడుగు ముందుకేసి మాల్టోజ్‌ను కూడా తినలేని ఈస్టులు ఉన్నాయి. అవి గ్లూకోజ్ లాంటి చిన్న చక్కెరలు మాత్రమే తింటాయి కాబట్టి బీరు అర శాతం దగ్గరే ఆగిపోతుంది. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణాల్లోనూ ఆల్కహాల్ పానీయానికి గీత అర శాతం దగ్గరే ఉంది. మూడో దారి చల్లటి నానబెట్టు. ఫ్రిజ్‌లో రాత్రంతా గింజలు నానిస్తే రంగు, రుచి, మాంసకృత్తులు దిగుతాయి, పిండి మాత్రం దిగకుండా అడుగున తెల్లగా పేరుకుంటుంది. పైతేట తీసుకుని మరిగిస్తే చక్కెర తక్కువ, గింజ రుచి ఎక్కువ.

అర శాతం బీరు ఇంట్లో చేయడం ఆకర్షణీయంగా కనబడుతుంది, కానీ నాకు భయం కలిగించేది అదే. మామూలు బీరులో రోగకారక క్రిములు బతకకపోవడానికి ఆల్కహాల్, పులుపు, హాప్స్, గ్యాస్, తిండి లేకపోవడం అన్నీ కలిసి కారణం. మాల్టోజ్ తినని ఈస్ట్‌తో చేసిన బీరులో ఆల్కహాల్ లేనట్టే, చక్కెర దండిగా మిగిలి ఉంది, పులుపు కూడా సరిగ్గా రాదు. పీహెచ్ 4.6 పైన ఉంటే ప్రాణాంతక విషం చేసే బొటులినం లాంటి క్రిములకు తలుపు తెరిచినట్టే. అందుకే కంపెనీలు ఆసిడ్‌తో పీహెచ్‌ను 4.3 లోపు దించి, పాశ్చరైజ్ చేసి అమ్ముతాయి. ఇంట్లో ఇవన్నీ చేయలేనివాళ్లు ఆ జోలికి పోకుండా రెండు, రెండున్నర శాతం దగ్గర ఆగడమే తెలివి. మా బామ్మర్ది అక్కడే ఆగాడు. గ్యాస్ కోసం లీటరుకు ఆరేడు గ్రాముల చక్కెర వేసి మూత బిగిస్తాడు, ఒక సీసా మాత్రం ప్లాస్టిక్ సోడా సీసా. అది నొక్కితే గట్టిగా తగిలినప్పుడు మిగతావీ సిద్ధమైనట్టు, అప్పుడు సీసాలన్నీ ఫ్రిజ్‌లో పెడతాడు. పూర్తిగా పులవకముందే గాజు సీసాల్లో నింపితే లోపల ఒత్తిడి పెరిగి పేలుతాయి, ఆ గాజు ముక్కలు ప్రాణం మీదికి తెస్తాయి.

ఇంట్లో కాచింది అనగానే మన దగ్గర అందరికీ గుర్తొచ్చేది గుడుంబా, కళ్లు పోయిన కథలు. రెండూ వేరు. గుడుంబాలో నల్లబెల్లం పానకాన్ని పులియబెడతారు, బెల్లంలో చక్కెర సిద్ధంగానే ఉంటుంది కాబట్టి మాల్ట్, ఎంజైముల అవసరం లేదు. ఆ తర్వాత బట్టీ పెట్టి ఆవిరిని చల్లార్చి ఆల్కహాల్‌ను గాఢంగా పోగేస్తారు. బీరును బట్టీ పట్టరు, పులిసిన నీళ్లే తాగుతారు. గింజలు పులిసినప్పుడు చూపు పోగొట్టే మిథనాల్ లెక్కలోకి రానంత కొంచెమే వస్తుంది. చావులు, చూపు పోవడాలు ఎక్కువగా జరిగింది ఫ్యాక్టరీ మిథనాల్ కలిపిన సరుకుతో. రసాయనంలో గుడుంబా కన్నా కల్లే బీరుకు దగ్గర. అదీ బట్టీ ఎక్కకుండా పులిసేదే, కాకపోతే దానికి ఈస్ట్ చెట్టు మీదే దొరుకుతుంది.

చివరగా అసలు ఎంత తగ్గుతుందో గ్రాముల్లో. మన 650 మిల్లీలీటర్ల సీసాలో ఎనిమిది శాతం స్ట్రాంగ్ అయితే దాదాపు 41 గ్రాముల ఆల్కహాల్. అయిదు శాతంలో 26 గ్రాములకు కొంచెం తక్కువ. రెండున్నర శాతంలో 13 గ్రాములకు కొంచెం తక్కువ. అంటే ఒక స్ట్రాంగ్ తాగినవాడు లోపలికి పంపింది రెండున్నర శాతం సీసాలు మూడింటికి మించిన సరుకు. అలాగని బండి తాళం తీసుకోవచ్చా అంటే, మోటారు వాహనాల చట్టం ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. డెబ్బై కిలోల మనిషి ఖాళీ కడుపుతో రెండున్నర శాతం సీసా ఒకటి గబగబా తాగితే లెక్కకు ఆ గీత దగ్గరికే చేరుతాడు. బరువు తక్కువవాళ్లు దాటేస్తారు. రెండో సీసా తెరిస్తే ఆటో మాట్లాడుకోవాల్సిందే.